ఇమ్‌సూన్ చదవనన్న సాక్ష్యం

ప్యో ఇమ్‌సూన్‌కి ఒళ్లు మండిపోయింది. ఆదివారం ఆరాధన మొదలవడానికి ఇంకా పది నిమిషాలుంది. చేతిలో ఆ వారం సంఘ పత్రిక. ప్రార్థన అంశాల్లో నాలుగోది, మోకాళ్ల నొప్పుల ముసలాయనకీ కాలేజీ ప్రవేశ పరీక్ష రాయబోయే ఆడపిల్లకీ మధ్యన, ఇలా అచ్చయి ఉంది: "అశ్లీల నవలలు రాయు కలమును సహోదరి ప్యో ఇమ్‌సూన్ విడిచిపెట్టులాగున."

కొరియాలో గున్‌సాన్ రేవు వెనక ఉన్న ఆ చర్చిలో ఆమెది ఇరవై ఎనిమిదేళ్ల సభ్యత్వం. ఆ చర్చిలోనే పెళ్లి, అక్కడి నుంచే భర్త శవపేటిక. ప్రతి ఆదివారం తెల్లవారకుండా వచ్చి మూడువందల మందికి ముల్లంగి సూపు కాచి, గబగబా చేతులు తుడుచుకుని గౌను తొడుక్కుని క్వయర్‌లో నిలబడే మనిషి. అలాంటి మనిషి పేరు అచ్చు వేసేముందు ఒక్కమాట అడగాలని ఒక్కరికీ తోచలేదు.

పాట అయ్యీ అవగానే వంటింట్లోకి వెళ్లి హేరాన్‌ని పట్టుకుంది. హేరాన్ వాళ్ల వాడ ఆడవాళ్ల గురువారం కూడికకి నాయకురాలు.

"నేను చెప్పిందేంటి, నువ్వు రాసిందేంటి?"

"నేను మామూలుగానే రాసిచ్చానక్కా. పాస్టర్ గారి ఆఫీసులో కాస్త సర్దారు."

ఇమ్‌సూన్ చెప్పింది ఇది. మొన్న గురువారం హేరాన్ ఇంట్లో పాటలయ్యాక, ఉడికించిన చిలగడదుంపల పళ్లెం తిప్పుతూ, ఎవరి ప్రార్థన అంశం వాళ్లు చెప్పుకుంటుంటే, పద్నాలుగేళ్లుగా దాచుకున్న మాట నోరు జారి బయటపెట్టింది. అద్దె పుస్తకాల షాపుల్లో దొరికే ప్రేమ నవలలు రాసే హాన్ సోరా తనేనని. ప్రచురణకర్త కొత్త నవలలో పడకగది పేజీలు పెంచమని పోరుతున్నాడని, అది తనకి ఇష్టం లేదని, కాదని చెప్పే ధైర్యం కోసం ప్రార్థించండని. దేవుడి బిడ్డల మధ్య చెప్పుకున్న మాట దేవుడి దగ్గరికే వెళ్తుందనుకుంది. అంత వయసొచ్చి, అన్నేళ్లు ఆ కూడికల్లో కూర్చుని, ప్రార్థన అంశం అంటే ఊరంతా తిరిగే మాట అని తెలియకపోవడం ఆమె తెలివితక్కువే.

"నువ్వు చదివావుగా నా పుస్తకాలు. అందులో అశ్లీలం ఏం కనబడింది నీకు?"

హేరాన్ గిన్నెలో గరిట తిప్పింది. "ఆ ఓడ కెప్టెన్‌ని మాత్రం అన్యాయంగా చంపేశావక్కా. రెండ్రోజులు నాకు అన్నం దిగలేదు," అంది.

ఆ కెప్టెన్‌ని చంపింది నిజానికి గిల్‌హో. ఇమ్‌సూన్ భర్త, ఓడ ఇంజన్ల మెకానిక్. నడుం విరిగి ఐదేళ్లు మంచంలో ఉన్నాడు. పొద్దుపోక అద్దె నవలలు చదివించుకునేవాడు. ఒకరోజు, "ఇంత చెత్తా? దీనికన్నా నువ్వు నయంగా రాస్తావు," అన్నాడు. ఆమె రాసింది. అతను విని, ఓడలో ఏ మర ఎక్కడుంటుందో సరిదిద్దాడు. "అంత తుఫానులో అంత పాత ఇంజనుతో వాడు బతకడు, చంపెయ్," అన్నాడు. ప్రతి నవలకీ ముందు ఇద్దరూ కళ్లు మూసుకుని, "ప్రభువా, ఇందులో అబద్ధం రాయనియ్యకు," అని ప్రార్థన చేసేవాళ్లు. మొత్తం కల్పనే కదా అని గిల్‌హో నవ్వితే, జరగనిది రాయడం వేరు, అబద్ధం రాయడం వేరు అనేది ఆమె. అతను పోయే నాటికి ఆరు నవలలు వచ్చాయి. తర్వాత ఎనిమిది.

మంగళవారం మధ్యాహ్నం సంఘపెద్ద గుక్ గారు వాళ్లింటికి వచ్చాడు. రేవులో ఎండుచేపల గిడ్డంగి ఆయనది. చేతిలో నాలుగు మడతల కాగితం.

"ఉజ్జీవ కూడికల ఆఖరి రోజు, వచ్చే ఆదివారం, మీ సాక్ష్యం పెట్టామమ్మా. మీకెందుకు శ్రమ అని నేనే రాసి తెచ్చాను. చూసి చదివేస్తే చాలు."

ఇమ్‌సూన్ కాగితం విప్పింది. మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. 'భర్త మరణానంతరం, ఒంటరి పడకలో దేహవాంఛలకు బానిసనై, ఈ అపవిత్రమైన కలం పట్టితిని.'

"ఇది ఎవరి సంగతండీ?"

"మీదేనమ్మా."

"మొదటి ఆరు పుస్తకాలూ మా ఆయన మంచం పక్కన కూర్చుని రాశాను. ఆయన చెబుతుంటే రాశాను. మీరు వచ్చి ఆ మంచం దగ్గరే ప్రార్థన చేసి వెళ్లేవారు కూడా."

"అలా చెబితే జనం ఏడుస్తారా? మీరే కదమ్మా నాకు నేర్పింది, గొయ్యి లోతు పెంచాలి పెద్దగారూ అని." ఆయన ముఖంలో దురుద్దేశం ఏమీ లేదు. గురువుకి పాఠం ఒప్పజెప్పిన పిల్లాడి ఆనందం ఉంది. "ఇది చదివితే డిసెంబరులో క్వన్సా పదవికి, అదే ఆడవాళ్లలో పెద్దరికానికి, జరిగే ఎన్నికలో మీ పేరుకి అడ్డుండదు. చదవకపోతే మరి, క్వయర్ గౌను తిరిగిమ్మని అడిగేవాళ్లున్నారు. నేను ఎంతమందినని ఆపను?"

ఆయన వెళ్లాక ఇమ్‌సూన్ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దింది. మొదట ఆయన మీద కోపం. తర్వాత పాస్టర్ గారి మీద, హేరాన్ మీద. అవన్నీ అయ్యాక మిగిలిన కోపం ఎటు పోవాలో తెలియక తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది. పాపపు గొయ్యి ఎంత లోతుగా చూపిస్తే అందులోంచి దేవుడు పైకి తీయడం అంత గొప్పగా ఉంటుందని, గొయ్యి లోతు పెంచాలన్న మాట తనదే.

తమ జీవితంలో దేవుడు చేసిన మేలు చర్చిలో నిలబడి చెప్పేవాళ్లకి ఆ సాక్ష్యం రాసిపెట్టే పని, ఉత్తరాలు బాగా రాస్తుందని పాస్టర్ గారే ఆమెకి అప్పగించాడు. పదకొండేళ్లలో తొమ్మిది మందికి సాక్ష్యాలు రాసిపెట్టింది. వాళ్లు వచ్చి తమ సంగతి నత్తినత్తిగా చెప్పేవాళ్లు, ఆమె దానికి మొదలూ చివరా పెట్టేది. అన్నిటిలోకీ పేరు తెచ్చింది గుక్ గారిదే. పొరుగు ఊళ్ల చర్చిలు కూడా పిలిపించుకుని చెప్పించుకున్నాయి. ఏడేళ్ల కింద వ్యాపారం మునిగిపోతుంటే ఆయన భయపడి, డప్పులు కొట్టి పూనకమాడే ముసలామెని గిడ్డంగికి పిలిపించి పంది తల పెట్టి పూజ చేయించుకున్నాడు. సిగ్గుపడుతూ ఆ మాట చెప్పాడు. సంఘపెద్ద అలా చేశాడంటే వినేవాళ్లకి ఆయన మీద గౌరవం పోతుంది, కథకి అడ్డుపడే మనిషి ఒకరు కావాలి అని ఇమ్‌సూన్ లెక్క వేసింది. పిలిపించింది ఆయన భార్య మల్‌బున్ అని రాసింది.

"మీ ఆవిడ ఏమనుకోదు కదండీ?" అని అడిగింది అప్పుడు.

"అది ఏమీ అనదు," అన్నాడాయన.

నిజంగానే ఏమీ అనలేదు. చర్చి వంటింట్లో మల్‌బున్ చేతిలో గరిట ఎవరో ఒకరు మెల్లగా తీసేసుకునేవారు. "పూజ ప్రసాదం ఏమైనా తెచ్చావా వదినా," అని ఒకరు నవ్వితే పదిమంది నవ్వేవారు. రెండుసార్లు క్వన్సా ఎన్నికలో ఆమె పేరు పడిపోయింది. చివరి తొట్టి దగ్గర గిన్నెలు కడగడమే ఆమె పని అయింది. ఒక్కసారి మాత్రం గిన్నెల మీంచి తలెత్తకుండా, "ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చింది ఇమ్‌సూన్?" అని అడిగింది. "పెద్దగారే చెప్పారు," అంది ఇమ్‌సూన్. అబద్ధం రాయనియ్యకని ప్రార్థించి నవలలు రాసిన మనిషే ఆ మాట అంది.

బుధవారం వేకువ ప్రార్థనకి వెళ్లింది. ఆ చర్చిలో అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థిస్తారు కాబట్టి ఆమె దేవుణ్ని తిడుతున్నదో వేడుకుంటున్నదో పక్కవాళ్లకి తెలియలేదు. "నా మొగుడి పేరున వాళ్లు ఒక్క అబద్ధం రాస్తేనే ఇంత మండుతోందే, మల్‌బున్ అక్కకి ఏడేళ్లూ ఎలా ఉండి ఉంటుంది? నువ్వు చూస్తూ కూర్చున్నావా?" అని అడిగింది. కన్నీళ్లకి మోకాళ్ల కింది మెత్త తడిసిపోయింది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఉజ్జీవ కూడికలకి వచ్చిన ప్రసంగీకుడు ఇమ్‌సూన్‌ని, "దేవుడు బురదలోంచి లేవనెత్తిన పాత్ర," అని పరిచయం చేశాడు. ఆమె క్వయర్ గౌనులోనే మైకు దగ్గరికి వెళ్లింది. గుక్ గారిచ్చిన కాగితం మడత విప్పకుండా వేదిక మీద పెట్టింది.

"ఇది నేను చదవను. ఇందులో ఉన్నది నేను కాదు, మా ఆయన భార్యా కాదు," అంది. "నేను పద్నాలుగు ప్రేమ నవలలు రాశాను. అవి కథలని కొన్నవాళ్లకీ తెలుసు, అద్దెకి తెచ్చుకున్నవాళ్లకీ తెలుసు. వాటి గురించి దేవుడి దగ్గర నేను తల దించుకోవలసింది ఏమీ లేదు. నేను చేసిన పాపం వేరే ఉంది. ఈ వేదిక మీద మీరు విని ఏడ్చిన సాక్ష్యాల్లో తొమ్మిది నేను రాసినవి. వాటిలో అబద్ధాలున్నాయి. అవి కథలని మీకెవరికీ తెలియదు."

పాస్టర్ గారు పియానో అమ్మాయికి సైగ చేశాడు. పియానో మొదలైంది. ఇమ్‌సూన్ గొంతు పెంచింది.

"గుక్ గారి గిడ్డంగికి పూనకమాడే ఆమెని పిలిపించింది మల్‌బున్ అక్క కాదు. కథ రక్తి కట్టడానికి ఆ పేరు నేను పెట్టాను. ఆవిడ నన్ను అడిగితే కూడా అబద్ధం చెప్పాను. నా పేరు పత్రికలో వేసినట్టే, దీన్ని కూడా వెయ్యండి."

"మైకు ఆపండి," అన్నారు ఎవరో. మైకు ఆగిపోయింది. ఆమె చెప్పవలసింది అప్పటికే అయిపోయింది.

ఆడవాళ్ల వైపు చివరి వరుసలోంచి మల్‌బున్ లేచింది. బయటికి పోతుందనుకుని దారిచ్చారు. ఆమె మెల్లగా ముందు వరుసదాకా నడిచి, సంఘపెద్దల బెంచీ దగ్గర ఆగింది. పియానో అమ్మాయి చేతులు తీసేసింది.

"పిలిపించింది ఎవరో మీకు తెలుసు కదండీ," అంది భర్తతో, వంటింట్లో ఉప్పు అడిగినంత మామూలుగా. "ఆ పంది తల కొనుక్కొచ్చింది మీరే. నేను పిలిపించానని మీరు పదిహేను ఊళ్లలో చెబుతుంటే మీ పక్కనే కూర్చుని విన్నాను. ఇంటికొచ్చాకైనా, తలుపు వేసుకుని, నాకొక్కదానికైనా, కాదని చెప్పారా?"

గుక్ గారు బైబిలు తెరిచి అందులోకి చూడసాగాడు.

ఇమ్‌సూన్ వేదిక దిగి ఆమె దగ్గరికి వచ్చి, "అక్కా," అని చెయ్యి పట్టుకోబోయింది. మల్‌బున్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వు ఏడవకు," అంది. "ఇప్పుడు నువ్వు ఏడిస్తే వీళ్లంతా నిన్నే ఓదారుస్తారు."