చలపతి కొట్టిన గోడ

ఇంగ్లండ్‌లోని స్లౌలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చలపతిది అనంతపురం. 2004లో ఇల్లు కొన్నాక, వంటింటి అలమరలు బిగించడానికి కార్పెంటర్‌ను పిలుద్దామంది భార్య విమల.

"గోడకు మేకులు కొట్టేదానికి వాడెందుకే?" అని అరిచి, మొండి మనిషి, తానే బిగించాడు. అనంతపురం రాతిగోడ అనుకున్నాడు. అదేమో లోపల డొల్లగా ఉండే ప్లాస్టర్‌బోర్డు.

విమల ఆవకాయ జాడీలు సర్దుతుంటే ఒక అలమర ఊడి ఆమె మీద పడింది. కుడి భుజం ఎముక విరిగింది.

ఆస్పత్రి నుంచి రాగానే చలపతి సుత్తి తీసుకుని గోడను పిచ్చిపట్టినట్టు బాదాడు. సుత్తి గోడలోకి దిగబడిపోయింది.

"దొంగ గోడ," అన్నాడు రొప్పుతూ.

విమల ఎడమచేత్తో సుత్తి లాక్కుని, మిగిలిన అలమరను అతని కాళ్ల ముందుకు పడగొట్టింది.

"రేపు కార్పెంటర్ వస్తాడు. గోడ సంగతి ఆయన చూసుకుంటాడు. మీరు నోరు మూసుకుని ఆయనకు టీ పెట్టివ్వండి."