కంప్యూటరుకు టైము చెప్పినవాణ్ణి

ఎనభైల చివర్లో నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లుకు గేటు కాపలా ఉండేవాణ్ణి. బడికి పోకపోయినా పాత పేపర్లు పట్టుకొని చదువు నేర్చుకున్నవాణ్ణి. ఆఫీసులోకి కంప్యూటరు వచ్చాక, లారీ బయటికి పోయేటప్పుడు ఇచ్చే చీటీ మీద తేదీ, టైము అదే వేసేది. ఆ పెట్టె మీద నాకు మొదటినుంచీ అనుమానమే.

ఒకరోజు మేనేజరు అందరి ముందూ చీటీ నా మొహాన పెట్టాడు.

"ఏం నర్సప్పా, నిన్న ఎమ్మిగనూరు లారీని రాత్రి పన్నెండున్నరకు ఇడిసినావే! ఎన్ని పత్తి బేళ్లు దాటించినావు?"

"పట్టపగలు పోయింది సార్!"

"కంప్యూటరు అబద్ధం సెప్తాదా?"

పదిహేనేళ్ల నమ్మకం ఒక్క చీటీతో పోయింది. ఒళ్లు మండిపోయింది. నిన్న పొద్దున కరెంటు పోయి వచ్చిందనీ, వచ్చిన అరగంటకు లారీ పోయిందనీ అప్పుడు గుర్తొచ్చింది.

"సార్, ఆ మిషన్ను ఆపి మళ్లా ఎయ్యమనండి."

ఆపరేటరు మస్తాన్ వేశాడు. అది తేదీ అడిగింది, కొట్టాడు. టైము అడిగింది, ఏమీ కొట్టకుండా మీట నొక్కేశాడు.

"ఇప్పుడు టైమెంతో దాన్నే అడుగప్పా" అన్నాను మస్తాన్‌తో.

అడిగాడు. బయట పదకొండు గంటల ఎండ. అది మాత్రం అర్ధరాత్రి దాటి ఒక నిమిషం అని చూపించింది. మనం టైము చెప్పకపోతే అది అర్ధరాత్రి నుంచి లెక్క మొదలుపెడుతుందన్నమాట; నిన్న కరెంటు వచ్చిన అరగంటకు పన్నెండున్నర అయింది అందుకే.

మేనేజరు తప్పైందని ఒక్క మాట అనలేదు. మనిషిని నిలదీసినవాళ్లు మిషన్ను ఎందుకు నిలదీయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే మస్తాన్ గేటు దగ్గరికి వచ్చేవాడు.

"అన్నా, నీ వాచీలో టైమెంత? కంప్యూటరు అడుగుతాండాది."