సముద్రం వైపు తిప్పిన బెంచీలు

మా ఇంట్లో సోఫాని మళ్ళీ తిప్పేశారు. ఇలా అయితే టీవీ బాగా కనిపిస్తుందట. నాకు మాత్రం ఫ్యాను గాలి తగలదు, చదివే పేపరు మీద నా నీడే పడుతుంది. నన్ను ఒక్క మాట అడగలేదు. అలిగాను. అలిగానని ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

అడగకపోవడం గురించి మాట్లాడే అర్హత నాకెంత ఉందో, విడవలూరు దాటాక సముద్రం ఒడ్డునున్న ఒక జాలర్ల పాలెంలో అడిగితే చెబుతారు.

పోయిన ఏడాది ఆ పాలెం చివర, రోడ్డుకీ ఇసుకకీ మధ్య ఖాళీ జాగాలో, పిల్లలు సాయంత్రం పూట కూర్చోడానికి ఒక చోటు కట్టాలని పెద్దలు అనుకున్నారు. నేను నెల్లూరులో కాలేజీ లెక్చరర్ని. "పిల్లల కోసం కట్టేది పిల్లలనే అడగాలి" అని ఒక మీటింగులో అన్నాను. అన్నవాడికే పని అప్పజెప్పడం మన పద్ధతి.

బడి వరండాలో చార్టులు పరిచి, రంగు పెన్సిళ్ళు పంచాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె మేస్త్రీలా నిలబడి మిగతా వాళ్ళ చేత గీయించింది. చెట్లు, కుళాయి, వీధి దీపం, నాలుగు సిమెంటు బెంచీలు. బెంచీలు మాత్రం సముద్రానికి వీపు పెట్టి రోడ్డుకేసి చూస్తున్నాయి. నెల్లూరు జనం సెలవు రోజున పెట్రోలు పోయించుకుని మరీ చూడ్డానికి వచ్చే సముద్రం అది. పాపం, పిల్లలు దిక్కులు తప్పారనుకున్నాను. వాళ్ళ ముందు "చాలా బాగుంది" అన్నాను. ఆ చార్టు ఇంటికి తెచ్చుకుని, మేస్త్రీకిచ్చే ప్లానులో నాలుగింటినీ సముద్రం వైపు తిప్పాను. ఎందుకలా గీశారని అడగొచ్చన్న సంగతి తోచలేదు.

ప్రారంభం నాడు నేనే మాట్లాడాను, కొంచెం ఎక్కువే. రోడ్డు పక్కన బోర్డు కూడా పెట్టాం: 'ఈ స్థలాన్ని రూపొందించింది మన ఊరి పిల్లలే.' ఆ వాక్యం నాదే.

మొన్న అటు వెళ్ళాను. బెంచీల మీద వలలు ఆరుతున్నాయి. పిల్లలు బెంచీల వెనక నేల మీద, వాటికి వీపులు ఆనించి, రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నారు.

"పైన కూర్చోండమ్మా, టికెట్టేం లేదు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆ తొమ్మిదో తరగతి పిల్లే, ఇప్పుడు పదిలో ఉంది, చెప్పింది. "మా ఊళ్ళో నీళ్ళకేసి చూస్తా కూర్చునేది, పోయిన పడవ తిరిగి రానప్పుడే సార్. ఊరికే అట్ట కూర్చుంటే కీడని ఇంట్లో ఒప్పుకోరు."

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదా?"

"గీసినాం కదా సార్."

పక్కన వల బాగుచేస్తున్న ఆ పిల్ల అవ్వ తలెత్తింది. "ఈ పిల్లని తిట్టనోళ్ళు లేరు నాయనా ఊళ్ళో. ఆ నడుమ గాలికి పడవలు పొద్దుగూకినాక గానీ రాలా. 'నువ్వే గదే బెంచీలు అట్ట పెట్టిచ్చింది, మా మొగోళ్ళు రాకూడదనా' అని ఆడోళ్ళందరూ దీని మీదికొచ్చినారు. సొంత పిన్నమ్మ కూడా ఇప్పటిదాకా పలకదు. నేనట్ట గీయలేదని ఇది ఏడస్తా చెప్పింది. బోర్డు చూపిచ్చినారు. మరి ఎవురు తిప్పినారే అంటే మాత్రం నోరు తెరవదు."

ఆ పిల్ల గవ్వ ముక్కతో ఇసుకలో గీతలు గీస్తోంది. తను గీసిన బొమ్మ తనకి గుర్తే. దాన్ని చివరగా తీసుకెళ్ళిందెవరో కూడా గుర్తే. నా వైపు చూడలేదు.

క్లాసులో వెనక వరుస దాకా వినపడుతుందని పేరున్న గొంతు నాది. అది ముసలావిడ దాకా వెళ్ళడానికి కాస్త ఇబ్బంది పడింది.

"తిప్పింది నేనమ్మా. వాళ్ళు రోడ్డు వైపే గీశారు."

ఆమె దారం కొరికి తెంపింది.

"నాకెందుకు చెప్తావు నాయనా? ఆ బోర్డు మీద రాయి."