బంతి దేవుడు

కుంకుమ భరిణె మూత తీస్తే నాకు బాస్కెట్‌బాల్ గుర్తొస్తుంది.

నాన్న కువైట్‌లో యూనివర్సిటీ ఆటల హాల్లో పనిచేసేవాడు. ఇరాక్ సైనికులు ఊరు దోచుకుంటున్నప్పుడు, హాలు గోడ మీది ఫొటో ఒకటి చొక్కాలో దాచుకుని బ్నీద్ అల్ గార్‌లోని మా గదికి తెచ్చేశాడు. యూనివర్సిటీ తొలి ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లు కలిసి దిగిన ఫొటో అది. వాళ్ళ వెనక కువైట్ జెండా ఉంది. సైనికుల కంటబడితే ప్రాణం మీదికొస్తుంది. నాన్న దాన్ని వెంకన్న పటం వెనక దాచబోతుంటే అమ్మ ఆపి, ఫొటో మధ్యలో బంతి పట్టుకుని కూర్చున్నాయన నుదుట బొట్టు పెట్టింది.

"అదేం పనే?" అన్నాడు నాన్న.

"దేవుడెనక్కి ఎల్తన్నారు. బొట్టెట్టకపోతే ఎలాగండీ?"

అలా ఐదేళ్ళ నాకు ఆయన బంతి దేవుడైపోయాడు. సైనికులు సోదాకొచ్చినప్పుడు అమ్మ హారతిస్తోంది. "వెనకాల బంతి దేవుడు కూడా ఉన్నాడు!" అని వాళ్ళకి పటం చూపించాను. వాళ్ళకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాం. అమ్మ చేతిలో గంట మాత్రం ఆగలేదు. దానికెంత గుండె కావాలో నాకిప్పుడు తెలుస్తోంది.

యుద్ధం అయ్యాక ఫొటో కోసం ఆ బంతి దేవుడే వచ్చాడు. ఆనాటి బాస్కెట్‌బాల్ కెప్టెనట, ఇప్పుడు నాన్న పనిచేసే హాల్లోనే కోచట. నేను దండం పెట్టాను. అమ్మ సిగ్గుపడి కొంగుతో బొట్టు తుడవబోయింది.

"ఖల్లీ, ఖల్లీ," అన్నాడాయన, ఉండనివ్వమని.

ఫొటో మళ్ళీ హాలు గోడెక్కింది. కొత్తగా చేరిన ఆటగాళ్ళు ఆ ఎర్రమచ్చ చూసి, ఆటలో తగిలిన దెబ్బా అని అడిగేవాళ్ళట.

"కాదు, మా చెల్లెలు పెట్టింది" అనేవాడట ఆయన.