ఇంగ్లీషులో మొదటి పోట్లాట

నా చిన్నప్పుడు భావనపాడులో నన్ను ఎవరు ఏ మాట అన్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. వాటిలో పెద్దది పక్కింటి అక్కది. ఆవిడ మా బడి మాస్టారి కూతురు. వాల్తేరు యూనివర్సిటీలో చదువుతూ సెలవులకు వచ్చింది.

నేను అప్పుడే, ఆ రోజుల్లో బడిలో ఆఖరిదైన పదకొండో తరగతి పాసయ్యాను. శ్రీకాకుళం కాలేజీలో సీటు కావాలంటే ప్రిన్సిపాలమ్మ ముందు ఇంగ్లీషులో మాట్లాడాలి. సీటు రాకపోతే అమ్మతోపాటు చేపల గంప ఎత్తుకోవాలని మా మావ తేల్చేశాడు. "ఏటే దొరసానీ, గంప కొనీమంతావేటి?" అని రోజూ ఎగతాళి. అదీ మర్చిపోలేదు.

కాలేజీ చదువు, హాస్టల్ జీవితం మీద గైడులో ఉన్న వ్యాసాన్ని వల లాగేవాళ్ల పాట వరసలో బట్టీ పట్టాను. ఒక్క మాట తప్పేది కాదు. కానీ ఆ పాటలాగే, మధ్యలో ఎవరైనా ఆపితే మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాల్సిందే. నన్ను ఇంటర్వ్యూకి తయారు చేస్తానని కూర్చున్న అక్క "హాస్టల్లో ఎవరితో ఉంటావు?" అని ఇంగ్లీషులో అడిగితే వ్యాసం మొదటి వాక్యం అందుకున్నాను. ఎలా తిప్పి అడిగినా అదే వాక్యం. తెల్లారితే ఇంటర్వ్యూ.

అక్క నన్ను ఎగాదిగా చూసి ముక్కు మూసుకుంది. "యూ? హాస్టల్? ఫిష్ స్మెల్! నో గర్ల్ విల్ సిట్ విత్ యూ."

ఒళ్లు మండిపోయింది. "యూ ఈట్ అవర్ ఫిష్! ఎవ్రీ డే ఈట్! దెన్ నో స్మెల్? ఐ విల్ సిట్! ఐ విల్ స్టడీ!" అని అరిచాను.

ఎండుచేపలు తిరగేస్తున్న అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏటే ఆ అరుపులు? అక్కనేటన్నావు?"

"తిట్టింది పిన్నీ, ఇంగ్లీషులో తిట్టింది" అని అక్క పకపకా నవ్వి నా వైపు తిరిగింది. "సూడు, ఒక్క ముక్కయినా గైడులోది ఉన్నాదేటి?"

మర్నాడు ప్రిన్సిపాలమ్మ నా వ్యాసాన్ని రెండో వాక్యంలోనే ఆపేసింది. సముద్రం పక్క ఊళ్ల పిల్లలు నెల తిరక్కుండా పారిపోతారు, నువ్వుంటావా అని ఇంగ్లీషులో అడిగింది. మొదటి వాక్యం మళ్లీ నాలిక మీదికొచ్చింది. మింగేశాను.

"దే రన్, మేడమ్. ఐ విల్ నాట్ రన్. యూ సీ."

సీటు ఇచ్చింది.

అదంతా నా మంచికేనని అక్క తర్వాత చాలాసార్లు చెప్పింది. నిజమే. అయినా ఆ మాటను నేనింకా క్షమించలేదు. ఈ వయసులోనూ కొత్తవాళ్ల ముందు ఇంగ్లీషులో నోరు విప్పాల్సి వస్తే, ఆ కోపమే నాకు మొదటి మాట అందిస్తుంది.