సగంలో ఆగిన సాక్ష్యం

వర్డెల్ అమ్మమ్మకు మనవలు పెట్టిన పేరు సూపరింటెండెంటు. ఆమె చెప్పుల చప్పుడు వినబడితే చాలు, సోఫా మీది కాళ్లన్నీ నేల మీదికి దిగుతాయి. అమెరికాలో మెంఫిస్ ఊళ్లో ఒక పెద్దాసుపత్రి నర్సులందరికీ ఆమే పెద్ద. ఆ పదవికెక్కిన మొదటి నల్లజాతి స్త్రీ.

ఈ మధ్య ఆసుపత్రి ముందు కారు ఆపి, దిగడానికి కాళ్లు రాక స్టీరింగు పట్టుకుని కూర్చుంటోంది. నిద్ర పట్టడం లేదు. ఉప్పు డబ్బా ఫ్రిజ్‌లో పెట్టేసి ఇల్లంతా వెతికింది. నేరం మాత్రం మనవల మీద పడింది. డాక్టరు సెలవు పెట్టమంటే ససేమిరా అంది.

"నేను తప్పుకుంటే ఏమంటారో తెలుసా?" అని కూతురు లోరెట్టాను కసిరింది. "వీళ్లు మోయలేరని ముందే చెప్పాం కదా అంటారు. నా తర్వాత, నా కింద పనిచేసే మన రెనీటాను ఆ గుమ్మం తొక్కనివ్వరు."

"నువ్వు పోయినా తొక్కనివ్వరు," అంది లోరెట్టా. "కాకపోతే నీకు పూలు పంపుతారు."

బుధవారం సాయంత్రం అమ్మమ్మ చర్చిలో ప్రార్థన కూడికకు వెళ్లింది. అక్కడ సాక్ష్యానికో పద్ధతుంది. లేచి కష్టం చెప్పుకోవాలి, గొంతు వణకాలి, ఆపైన "అయినా నా దేవుడు నన్ను విడవలేదు" అనాలి. అక్కణ్నుంచి అంతా గెలుపే. ఆ మాట కోసం ఆర్గన్ వాయించే క్లీటస్ వేళ్లు పైకెత్తి కాచుకుని ఉంటాడు. అమ్మమ్మ ఈ విద్యలో ఆరితేరిన మనిషి. తాత చనిపోయిన వారం కూడా గెలిచే కూర్చుంది.

ఆ రోజు హ్యాండ్‌బ్యాగు పొట్టకు అదుముకుని లేచింది.

"అలిసిపోయాను."

"చెప్పు తల్లీ!" అన్నాయి వెనక బెంచీలు.

"పొద్దున్నే లేవాలంటే ఏడుపొస్తోంది. మీటింగుల్లో నవ్వీ నవ్వీ దవడలు పీకేస్తున్నాయి."

"అయినా...?" అంటూ పాస్టరుగారు అందించారు. క్లీటస్ ఒక స్వరం నొక్కాడు.

అమ్మమ్మ నోరు తెరిచింది. ఆ మాట రాలేదు.

"అయినా ఏమీ లేదు, పాస్టరుగారూ. అంతే."

విసనకర్రలు ఆగిపోయాయి. ముందు వరసలో తెల్ల టోపీ పెట్టుకున్న పెట్‌వే అమ్మగారు, ఆ చర్చిలో అందరికంటే పెద్దావిడ, మెల్లగా తల తిప్పింది.

"క్లీటస్, ఆ చేతులు దించు. వర్డెల్, కూర్చోవే. గెలిచి రమ్మని నిన్నెవరు అడిగారు?"

"మీరే కదమ్మా, నా చిన్నప్పట్నుంచీ!"

ముసలావిడ తెల్ల టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అయితే బుద్ధి తక్కువై అడిగాను," అంది. "కూర్చో."

అమ్మమ్మ కూర్చుని, పక్కావిడ రుమాలు లాక్కుని మరీ ఏడ్చింది. కూడిక అయ్యాక మెట్ల మీదే నిలబడి రెనీటాకు ఫోను చేసింది.

"రేపట్నుంచి నువ్వు చూసుకోవాలి."

"అయ్యో మేడమ్, ఒంట్లో బాగానే ఉందా?"

అలవాటు కొద్దీ "బాగానే" అనబోయి ఆగింది. "లేదమ్మా. బాగాలేదు. సెలవు పెడుతున్నాను."

"పైవాళ్లు ఏమైనా అంటేనో?"

"అంటారు. నాకూ భయంగానే ఉంది. రేపు నీకూ ఇలాగే అయితే నాకు చెప్పు. నాలా నవ్వుతూ కూర్చోకు."

మర్నాడు సెలవు మొదలైంది. పొద్దున్నే అమ్మమ్మ మనవల మేజోళ్లు జతలు కట్టడానికి దిగితే లోరెట్టా బుట్ట లాక్కుని మంచం చూపించింది. పైవాళ్లు ఏమంటున్నారో రెనీటాను అడిగి చెప్పమని సణుగుతూనే, ఆ మాట పూర్తికాకముందే అమ్మమ్మ గురక మొదలుపెట్టింది.