ఉరుము పిలిచిన హాజరు

నా చిన్నప్పుడు ఒక జడివానకు ధర్మవరంలో మా మట్టిమిద్దె కూలింది. దూలం అడ్డుపడబట్టి నేనూ మా అవ్వా బతికిపోయాం. మన్ను తోడి మమ్మల్ని బయటికి లాగేదాకా పైన ఉరుములు వినబడుతూనే ఉన్నాయి. అప్పటినుంచి ఆకాశం కాస్త గుర్రుమంటే చాలు, బడిలో పలక పారేసి ఇంటికి పరుగెత్తేదాన్ని. వాన మొహం ఎరగని మా ఊళ్లో, ఆ ఏడు నన్ను సాధించడానికే అన్నట్టు వానలు కురిశాయి.

మగ్గం నేసే మా నాయనకు విసుగు పుట్టింది. "ఇంకొకసారి ఇట్ల పారొస్తే బడి బందు. ఇంట్లో కూర్చోని మగ్గానికి దారం కండెలు చుట్టు" అన్నాడు. నాకేమో బడంటే ప్రాణం. అందుకని మరుసటి ఉరుముకు ఇంటికి పోలేక అయివారి బల్ల కింద దూరాను.

మాకు చదువు చెప్పే ఆ అయివారు పెనుకొండ మనిషి, బొద్దుగా ఉండేవారు. బెత్తం తీస్తారనుకున్నాను. ఆయన పంచె ఎగగట్టి, ఆయాసపడుతూ పాక్కుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నారు. చోటు చాలక ఆయన బొజ్జ సగం బయటే ఉండిపోయింది. మళ్లీ ఉరిమింది.

"పైన ఇంకొక అయివారు ఉండాడు పాపా. హాజరు పిలుస్తాండాడు. మనం పలకాల గదా" అని, చిన్నపిల్లాడి గొంతు పెట్టి "హాజర్!" అని అరిచారు. తరగతంతా గొల్లుమంది. తర్వాతి ఉరుముకు పిల్లలందరూ పలికారు. నాకు వణుకు తగ్గలేదు, నవ్వూ ఆగలేదు. ఆ రెండూ ఒకేసారి వస్తాయని అప్పటిదాకా తెలియదు.

కొన్నాళ్లు బల్ల కిందనుంచే పలికాను. మరికొన్నాళ్లకు బల్ల కాలు పట్టుకుని నిలబడి పలికాను. ఆయన ఒక్కసారైనా తొందరపెట్టలేదు. ఆయనంటే ఈనాటికీ నాకు ఎనలేని ప్రేమ.

ఒకరోజు మబ్బు కమ్మగానే, నేను మళ్లీ పారొస్తానని మా నాయన గోనెసంచి కప్పుకుని బడికే వచ్చేశాడు, నన్ను మానిపించి తీసుకుపోదామని. లోపలి గోల విని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది అయివారూ, ఈడ బడి జరుగుతాండాదా, జాతర జరుగుతాండాదా?"

"పైన హాజరు పిలుస్తాండారప్పా. నీ బిడ్డ ఉండాదో లేదో నువ్వే విను."

పైకప్పు అదిరేలా ఉరిమింది. నా చోటునుంచి కదలకుండా, గొంతు చించుకుని "హాజర్!" అన్నాను. మా నాయన గోనెసంచి కొనతో మొహం తుడుచుకున్నాడు. కండెల మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు.

అబద్ధమెందుకు, ఉరిమితే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. అయినా మా ఇంట్లో ఏ పిల్లైనా దేనికో జడిసి మంచం కింద దూరితే, బయటికి రమ్మని పిలవను. నేనే దూరుతాను. మళ్లీ పైకి లేవడానికి మాత్రం ఆ పిల్లే నాకు చెయ్యి ఇవ్వాలి.